వెంకటరాజం రోగాల పట్టీ

ఆ పొద్దు మబ్బు పట్టింది గాని కురవదు, విడవదు. మృగశిర వచ్చి పది రోజులైంది. అద్దకం చేసిన నూలు ఆరేసుకున్న కొత్తవాడ సాలెవాళ్లంతా తలలు పైకెత్తి మబ్బును తిడుతున్నారు. భాస్కర్ మాత్రం మబ్బును చూడడం లేదు. గల్లీ మొగ దిక్కు చూస్తున్నాడు. బీమా ఏజెంటు లక్ష్మీనారాయణ సేటు హన్మకొండ నుంచి వస్తానన్నాడు.

మూడు వారాలు తిరిగితే దొరికిన మనిషి. భాస్కర్ బీకాం రెండో ఏడు. కిందటేడు తల్లి శ్యామలమ్మకు కడుపు కోసి ఆపరేషన్ చేస్తే ఇంట్లో ఉన్న రెండు మగ్గాల్లో ఒకటి అమ్ముడుపోయింది. మిగిలినదాని మీదే తిండి, దాని మీదే చదువు. ఇంట్లో ఇంకొకరు మంచమెక్కితే ఆ మగ్గమూ పోతుంది, దానితో పాటు కాలేజీ పోతుంది. దవాఖాన ఖర్చు కంపెనీయే పెట్టుకునే బీమా కొత్తగా వచ్చిందని క్లాసులో లెక్చరర్ చెప్పినప్పటి నుంచి భాస్కర్‌కు నిద్ర లేదు. చేతికొచ్చిన స్కాలర్‌షిప్పు ఒక్కరి బీమా మందమే సరిపోతుంది. ఆ ఒక్కరు తండ్రి వెంకటరాజమేనని అనుకున్నాడు. నేసే చెయ్యి ఆయనది.

ఆఫీసుకు పోతే ఏజెంటును పట్టుకొమ్మన్నారు. మొదటి ఏజెంటు పోరగాళ్లతో తనకు పనిలేదన్నాడు. రెండో ఆయన ప్రాణం బీమా చేసుకో, అది మంచిదన్నాడు.

“సచ్చినంక వచ్చే పైసలు కాదు సార్. బతకనీకి కావాలె,” అన్నాడు భాస్కర్. ఆయనకు కోపమొచ్చింది.

మూడో ఆయన ఈ సేటు. చౌరస్తాలో బట్టల దుకాణం, పక్కన బీమా పని. పది గంటలకు స్కూటరు వచ్చి ఆగింది. వెంకటరాజం భుజం మీద తువ్వాలతో స్టూలు తుడిచి వేశాడు. సేటు సంచిలోంచి ఇంగ్లీషు కాగితం తీశాడు. చాయ్ తెస్తానని భాస్కర్ గల్లీ మొగకు పోయాడు. అదే అతను చేసిన తప్పు.

కొత్తవాడలోకి కాగితం, కలం పట్టుకొని ఎవరొచ్చినా జనానికి ఒకటే ఎరుక. సర్వే వాళ్లు వస్తారు, సాయం రాసుకునే వాళ్లు వస్తారు. ఎవరికి రోగాలు ఎక్కువుంటే వాళ్ల పేరు ముందుకెక్కుతుంది. “బాగనే ఉన్న సారు” అన్న పాపానికి ఒక ఏడు పక్క గల్లీ మొండయ్యకు దుప్పటి కూడా రాలేదు. వాడకట్టంతటికీ అది పాఠమైపోయింది. ఈ కాగితం అట్లాంటిది కాదని భాస్కర్ నిన్న రెండు మాట్లు చెప్పాడు. వెంకటరాజం తల ఊపాడు కూడా.

“రోగాలేమన్న ఉన్నయా?” అని అడిగాడు సేటు.

“ఎందుకు లెవ్వు సేటూ? రాసుకోండ్రి. దమ్మున్నది, ఊపిరాడది. మోకాళ్లు పనిజేస్తలెవ్వు. కండ్లు మసకలు.”

స్కూటరు చప్పుడుకు వచ్చి గడపలో నిలబడ్డ ఎదురింటి పెద్దులు ఊరుకోలేకపోయాడు. “బీపీ మర్సిపోయినవ్ మామా!”

“ఔ, బీపీ.”

పక్కింటి లచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకొని లోపలికి వంగింది. “షుగరు రాయిండ్రి సారు. షుగరు రాస్తెనే కాశిబుగ్గల మా చెల్లెకు పైసలొచ్చినయ్.”

భాస్కర్ చాయ్ గిలాస పట్టుకొని వచ్చేసరికి వెంకటరాజం మూర్ఛ దాకా వచ్చాడు.

“నాలుగేండ్ల సంది వస్తాంది సేటూ. పడితె లేవ.”

చాయ్ తొణికి భాస్కర్ వేళ్లు కాలాయి. “బాపూ! నీకు మూర్ఛ ఎప్పుడొచ్చింది?”

“నువ్వు కాలేజికి పోయినప్పుడు,” అన్నాడు వెంకటరాజం కన్నార్పకుండా.

సేటు కలం మూత పెట్టాడు. భాస్కర్ దిక్కు చూశాడు. “రోగమున్నోడు లేదనుడు చూసిన గని, లేని రోగాలు ఎత్తుకునేటోణ్ని ఇయ్యాలనే చూస్తాన. ముందుగాల్నే ఉన్న రోగానికి కంపెనీ పైస ఇయ్యది తమ్మీ. ఇన్ని రాస్తే కాగితమే వాపస్ వస్తది.”

“గవన్ని ఉత్తవే సార్. ఆయనకేం లేదు.”

“ఏదుత్తదో, ఏది నిజమో నాకేమెరుక?” రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, ఇంకొకటి తీసి ఇచ్చాడు. “నిజమేందో నువ్వే రాయి. మీ బాపుతోని సంతకం పెట్టించి పొద్దుగూకెలోపట దుకాణంల ఇయ్యి. అబద్ధం రాస్తె పైసలడిగిననాడు దొరుకుతవ్. నన్నడిగితె నీ పేర్న చేసుకో. ఇరవై ఏండ్ల పోరనివి, ఏ లొల్లి ఉండదు.”

చాయ్ సగం తాగి, గిలాస గడప మీద పెట్టి వెళ్లిపోయాడు.

“మంచికి పోతె చెడు ఎదురాయె,” అనుకుంటూ లచ్చవ్వ జారుకుంది. పెద్దులు అప్పటికే లేడు.

“నిన్న చెప్పలేదా బాపూ నీకు? నెత్తి నోరు కొట్టుకొని చెప్పలేదా?”

“చెప్పినవ్ బిడ్డా. కాగితం చూడంగనె నోరు దానంతటదే అందుకున్నది.”

“సరే. గిప్పుడన్న నిజం చెప్పు. నీకు ఏమున్నయ్?”

వెంకటరాజం పెద్ద కష్టమైన లెక్క అడిగినట్టు మొహం పెట్టాడు. “ఏమో కొడుకా. చెప్పీ చెప్పీ ఏది ఉన్నదో ఏది లేదో నాకే సమజైతలేదు.”

భాస్కర్‌కు గోడకు తల బాదుకోవాలనిపించింది. పోయి మగ్గం మీద కూర్చున్నాడు. నేసే జంపఖానా వెడల్పుది, ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే గాని సాగదు. శ్యామలమ్మ ఆపరేషనయినప్పటి నుంచి ఆమె జాగాలో సెలవు రోజుల్లో భాస్కరే కూర్చుంటున్నాడు. తండ్రి వచ్చి పక్కన చేరాడు.

నేస్తూ నేస్తూ భాస్కర్ చూడసాగాడు. మోకాళ్లు పనిచేయవన్న మనిషి పిల్లవాడిలా మగ్గం గుంతలోకి దిగాడు. కండ్లు మసకలన్న మనిషి ఈ మబ్బు చీకట్లో నల్ల నూలును, నీలం నూలును తడుముకోకుండా విడదీస్తున్నాడు. రోగాలను ఒక్కొక్కటే పట్టీలోంచి కొట్టేస్తూ పోతుంటే భాస్కర్ మనసు కుదుటపడుతోంది. కాగితంలో ఏమీ రాయనక్కరలేదు.

అప్పుడే పంజా చప్పుడు అతని చెవికి ఆనింది. నూలును బిగించడానికి ఇనుప పళ్ల పంజాతో రెండు దెబ్బలు చాలు. తండ్రి ఉన్నట్టుండి ఆరు వేశాడు. కొంచెంసేపటికి మళ్లీ ఆరు. మూడోసారి భాస్కర్ చెయ్యి ఆపి విన్నాడు. ఆ చప్పుడు కింద దగ్గు ఉంది. దగ్గు వచ్చే ముందే పంజా లేస్తోంది.

“ఎన్ని రోజుల సంది?”

“ఏంది?”

“దగ్గు.”

పంజా ఆగింది. “మీ అవ్వ ఆపరేషన్ కన్న ముందటి సంది.”

“సేటుకు దమ్మంటివి, దగ్గని ఎందుకు చెప్పలే?”

“దమ్ము అందరం చెప్పేదే. ఇది చెప్పేది గాదు.” తల తిప్పుకొని నూలును సర్దాడు. “అప్పుడప్పుడు ఎర్రగ పడ్తది.”

బక్కెట్ల కొద్దీ రోగాలు ఒలకబోసిన మనిషి, ఉన్న ఒక్కదాన్ని ఏడాదిగా పంజా కింద దాచాడు.

“రేపు దవాఖానకు పోదాం.”

“రేపు వద్దు. జర ఆగు. డాక్టరు రాసిచ్చిండంటె అది రోగమైతది. ఏం లెవ్వని రాసి ఆ కాగితం పంపు. బీమా అయినంక పోదాం. కంపెనీయే పెట్టుకుంటది.”

“ఎన్ని దినాలు ఆగుతవ్?”

“రెండు నెలలు. మూడు. ఇన్నొద్దులు ఆగలేదా?”

తండ్రి మొదటిసారి బీమాను సరిగ్గా అర్థం చేసుకున్నాడు. అదే భాస్కర్‌కు మరీ మంటగా ఉంది. ఎవర్ని తిట్టాలి? సేటు అబద్ధమాడలేదు. కంపెనీ రూలు కంపెనీది. బాపు దాచింది ఈ మగ్గం కోసమే, తన కోసమే.

లేచి పోయి కాగితం తీసుకున్నాడు. తండ్రి పేరు రాశాడు. రోగాల గడిలో ఒక్క లైను రాశాడు. వెంకటరాజం మగ్గం మీది నుంచే అడిగాడు. “ఏం రాసినవ్?”

“ఉన్నది రాసిన.”

“అయితె రాదు.”

“రాదు.” భాస్కర్ కాగితాన్ని మడిచి స్కాలర్‌షిప్పు పైసలున్న జేబులోనే పెట్టాడు. “సేటుకు ఇచ్చేది లేదు. రేపు పొద్దుగాల మనం దవాఖాన లైన్ల ముందు నిలబడాలె. ఈ పైసలు మందులకైతయ్.”

“మగ్గం పోతది కొడుకా. నీ కాలేజి...”

“పోతె పోనియ్.”

అతని గొంతు అతనికే మొరటుగా వినిపించింది. అంతా విన్న శ్యామలమ్మ లోపల మూడు పళ్లాలు వేసింది. అన్నంలో పచ్చిపులుసు పోసి, ఉల్లిగడ్డ కోసి పెట్టింది. వెంకటరాజం చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాడు. భాస్కర్ ఎదురుగా కూర్చున్నాడు. తండ్రి తన పళ్లెంలోని ఉల్లిగడ్డ ముక్కలు రెండు కొడుకు పళ్లెంలోకి నెట్టాడు. కొడుకు తీసి వాపస్ పెట్టలేదు. ముగ్గురూ తలలు వంచుకొని, గిన్నె అడుగు కనపడేదాకా తిన్నారు.