నల్లగుడ్డ పట్టుకున్నవాణ్ణి

మంచుకు కన్నం వెయ్యడంలో నెవిల్‌ను మించినవాడు లేడని మా అంటార్కిటికా బేస్‌లో పదకొండేళ్ళుగా పేరు. ఆ నెవిల్ నేనే. ఈ ఏడాది మెరియానా ఊడిపడింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. నన్ను "మాతువా" అంటుంది. వాళ్ళ మావోరీల్లో పెద్దవాళ్ళను అలాగే పిలుస్తారు. మర్యాదే, కానీ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

సముద్రంలోకి చాచుకున్న మంచు అరుగు కింద నీళ్ళు ఎంత చల్లనివంటే, వాటిలో పల్చటి మంచు రేకులు పుట్టి, తేలుకుంటూ వచ్చి, మేం నిలబడ్డ గడ్డ అడుగున అంటుకుంటాయి. ఆ రేకుల సందుల్లో గోధుమరంగు నాచు బతుకుతుంది. గొట్టం దింపి పైకి లాగితే రేకులన్నీ జారిపోతాయి. నేను ఏనాడూ జానెడుకు మించి తీయలేదు.

వచ్చే ఏడాది జట్టులో ఒక్కరికే చోటు. నాచు చావకుండా మూరెడు పొర తీస్తే మెరియానాకు, లేకపోతే నాకు అని మా పెద్ద ఫెర్గస్ తేల్చేశాడు. గొట్టం ఆమెకిచ్చి, నా చేతిలో నల్లగుడ్డ పెట్టాడు. ఆ నాచు చీకట్లో పుట్టింది, ఎండ తగిలితే చస్తుంది. పైకి రాగానే కప్పెయ్యాలి.

"తొందరేం లేదే తల్లీ, మెల్లగా రా" అంటూ మెరియానా మంచును బుజ్జగిస్తూ లాగింది. మూరెడు పొర వచ్చింది. ఒక్క రేకు రాలలేదు.

"మాతువా, గుడ్డ! గుడ్డ!"

నేను గుడ్డకు లేని ముడి విప్పుతూ కూర్చున్నాను. ఆమె రెండు చేతులూ గొట్టానికే ఉన్నాయి. ఎండ ఫెళ్ళున కాస్తోంది. రెండు నిమిషాలకు గుడ్డ కప్పాను.

సాయంత్రం పరీక్షలో నాచు చచ్చిందని తేలింది. "గుడ్డ కప్పమంటే ఏం చేశారయ్యా?" అని ఫెర్గస్ మండిపడ్డాడు.

నేను నోరు తెరిచేలోగా మెరియానా అంది: "తప్పు నాదే. ఆగండి మాతువా, ఒక్కసారి కళ్ళారా చూస్తానన్నాను."

"చూసి మురిసిపోడానికి అదేమన్నా పెళ్ళికూతురా? నెవిల్, వచ్చే ఏడు నువ్వే."

బయటికొచ్చాక అడిగాను. "ఎందుకలా చెప్పావు?"

"వచ్చే ఏడుతో మీ ఉద్యోగం అయిపోతుందిగా. నాకింకా బోలెడన్ని ఏళ్ళున్నాయి." బూట్లకంటిన మంచు దులుపుకుంది. "ముడేం లేదని చూశాన్లెండి."

క్షమించమనాల్సింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల చేతులను చూసి కుళ్ళుకున్నాను. ఇప్పుడు మనసును చూసి కూడా కుళ్ళు మొదలైంది.