ఆపరేషన్ చేసినవారు

"చాయ్‌ల చక్కెర తక్కువెయ్ ప్రిస్కిల్లా, ఆత్మారాం సార్‌కు షుగరున్నది" అని భర్త పాల్ రాజ్ హాల్లోంచి కేకేశాడు. ఆదివారం, చర్చి నుంచి వచ్చి ఆమె ఇంకా చీరైనా మార్చుకోలేదు. కంఠేశ్వర్‌లో ఆ డాక్టర్ దంపతుల నర్సింగ్‌హోం పైనే ఇల్లు. హాల్లో డాక్టర్ల సంఘం పెద్దలు నలుగురు కూర్చుని, ఆమె పేరున వచ్చిన వకీలు నోటీసు గురించి మాట్లాడుకుంటున్నారు. నోటీసు ఆమెకు, చర్చ వాళ్లకు, పకోడీల పని మళ్లీ ఆమెకు.

"గీ వకీళ్లు దవాఖాన గేటుకాడనే కాపుగాస్తున్నరు. ఒక్క రోజు ఓపీ బంద్ పెడితె తెలుస్తది" అంటున్నాడు సంఘం అధ్యక్షుడు ఆత్మారాం.

వకీళ్లంటే ప్రిస్కిల్లాకూ ఒళ్లు మంటే. రోగి ముఖమైనా చూడకుండా డాక్టర్లను హంతకుల్ని చేస్తారని తనూ ఎన్నోసార్లు తిట్టింది. సంఘం మీద మాత్రం కోపం కూడా మిగల్లేదు. పందొమ్మిదేళ్ల సభ్యత్వంలో ఆమెను వేదిక మీదికి పిలిచింది ఒక్కసారే, ముగ్గుల పోటీకి జడ్జిగా. ఒక బాలింత తాలూకు మనుషులు ప్రిస్కిల్లా జుట్టు పట్టి లాగిన రోజు వీళ్లెవరూ రాలేదు. పాల్ రాజ్‌కు ఫోన్ చేసి, "మేడంను జర ఓపికతోని మాట్లాడుమను" అని మాత్రం చెప్పారు.

ఈ నోటీసు ఇప్పించిన గోదావరి, బోధన్ వైపు నుంచి వచ్చిన బీడీలు చుట్టే మనిషి. గర్భసంచి తీయాలంటే, మగడాక్టరైతే వద్దంది. ఈ నర్సింగ్‌హోంలో దానికి పదహారేళ్ల పద్ధతి ఒకటుంది. మత్తెక్కేదాకా పక్కన ప్రిస్కిల్లా నిలబడుతుంది. మత్తెక్కాక కత్తి పాల్ రాజ్ పట్టుకుంటాడు. కేసుషీటులో సంతకం ఆమెది. "నీకంటె నా చెయ్యి ఫాస్ట్. నువ్వు కాన్పులు సూస్కో" అన్నాడు పెళ్లైన కొత్తలోనే. ఆ ఆపరేషన్ల కోసమే మూడేళ్లు పీజీ చదివింది ఆమె అన్న సంగతి క్రమంగా ఆమే మరిచిపోయింది.

ఆ రోజు గోదావరి ఆమె చేయి గట్టిగా పట్టుకుని, "అమ్మా, నువ్వే జేస్తవు గద?" అని అడిగింది.

"నేనే" అంది ప్రిస్కిల్లా.

ఆ ఫాస్ట్ చేయి మూత్రనాళాన్ని కోసేసింది. నాలుగు నెలలుగా గోదావరికి మూత్రం ఆగక ఒంటి మీద బట్ట తడారడం లేదు. బీడీల చాట పట్టుకుని నలుగురిలో కూర్చోలేకపోతోంది. ఆమె వకీలు పుష్పలత పంపిన నోటీసులో బెదిరింపుల మధ్య ఒక మామూలు ప్రశ్న ఉంది. ఆపరేషన్ చేసినది ఎవరు? ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

చాయ్ తాగి ఆత్మారాం ఒక కాగితం ముందుకు జరిపాడు. "సంఘం నీ ఎన్కనే ఉన్నది చెల్లె. నువ్వే చేసినవని, గిట్ల అప్పుడప్పుడు అయితదని జవాబు రాసినం. మహా అయితె మెడికల్ కౌన్సిల్ ఏడాది ప్రాక్టీస్ ఆపుతది."

"రెస్ట్ అనుకో" అన్నాడు పాల్ రాజ్. "నా రిజిస్ట్రేషన్ పోతె దవాఖాన మూతబడతది. నీదైతె ఏమున్నది? ఇంట్ల పనుండనే ఉండె."

ఏమున్నదట! ఇందల్వాయిలో కూలి చేసుకునే ఇంటినుంచి మెడిసిన్ సీటు తెచ్చుకున్న పిల్లకు ఏమీ లేదట. ఆమె కోపంలో సగం, పదహారేళ్లుగా సంతకాలు పెట్టిన తన మీదే.

పెన్ను తీసుకుంది. అందరి ముఖాలూ తేలికపడ్డాయి. 'ఆపరేషన్ చేసినవారు' అన్న చోట తన పేరు కొట్టేసి, డాక్టర్ పాల్ రాజ్ అని రాసింది. దాని కింద ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టింది.

"నేనే చేస్తానని గోదావరికి అబద్ధం చెప్పింది మాత్రం నేను."