తీసెయ్యని మాట

ఆ బొమ్మల వాట్సాప్ గ్రూపులో ఎవరేం గీసి పెట్టినా అద్భుతమే. పిల్లిని గీస్తే అద్భుతం, అది కుక్కలా వచ్చినా అద్భుతమే. పూలగుత్తులూ ఎర్రగుండెలూ కుప్పలు తెప్పలుగా వచ్చి పడతాయి. కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే మిరపకాయకి మొదట్లో ఇది బాగానే ఉండేది. ఆ పేరు పెట్టింది తోటి పనివాళ్ళు, నోరు చూసి పెట్టారు. నాలుగేళ్ళు పొగడ్తలు మింగీ మింగీ ఇప్పుడామెకు వెగటు పుట్టింది.

ఆ రోజు పొద్దున రిటైరైన బస్సు డ్రైవరొకాయన తన భార్య బొమ్మ గీసి పెట్టాడు. గ్రూపులో అందరికీ ఆయన బాబాయే. కింద "ఎలా ఉందో ఉన్నదున్నట్టు చెప్పండి" అని రాశాడు. నవ్వు చక్కగా కుదిరింది. నుదురు మాత్రం సాగిపోయి, ఆవిడ నెత్తిన ఇంకో నెత్తి పెట్టినట్టుంది. ఆయన గీసే బొమ్మలన్నీ ఇంతే. కాగితాన్ని బల్ల మీద పడుకోబెట్టి గీస్తే వచ్చే తిప్పలివి. పైభాగం కంటికి కురచగా కనిపిస్తుంది, చెయ్యేమో తెలియకుండానే దాన్ని పొడుగు చేసేస్తుంది.

మిరపకాయ ఎవరి కళ్ళజోడుకో మర బిగించి పక్కన పెట్టి, ఇలా రాసింది: "నవ్వు బ్రహ్మాండం బాబాయ్. నుదురు సాగింది. కాగితం కింద అట్ట పెట్టి, దాన్ని ఏటవాలుగా నిలబెట్టి గీసి చూడండి."

అంతే, గ్రూపు భగ్గుమంది. పెద్దాయన మనసు కష్టపెడతావా అని ఒకరు, నిన్నెవరు పేపర్లు దిద్దమన్నారని ఇంకొకరు. మధ్యాహ్నానికి వదిన షాపుకే వచ్చేసింది. వదినంటే సొంత అన్న భార్య, ఆ గ్రూపు పెట్టిన మనిషి.

"ఆ మాట తీసెయ్యి. సాయంత్రంలోగా తియ్యకపోతే నిన్నే తీసేస్తా. ఆడపడుచువని కూడా చూడను."

"ఆయన అడిగాడు వదినా!"

"అడుగుతారు. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్ళొస్తామంటే, అప్పుడేనా, ఉండండి అంటాం. నిజంగా ఉండిపోతారా?"

"నేను ఉండిపోయే రకాన్ని."

వదిన రుసరుసలాడుతూ వెళ్ళిపోయింది. మిరపకాయకి భయమేసింది, దాచడమెందుకు. ఆ గ్రూపు కాకపోతే ఆమె బొమ్మలు చూసే దిక్కే లేదు. ఇంట్లో మొగుడికి గోడ మీద బొమ్మ మార్చినా తెలీదు. పైగా బాబాయ్ పొద్దుటి నుంచీ ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు. పెన్సిలే పారేశాడేమో! తీసేద్దామని వేలు ఫోన్ దాకా వెళ్ళింది. కానీ తీసేస్తే ఆయన రేపు మళ్ళీ అదే నుదురు గీస్తాడు, జనం మళ్ళీ అవే పూలగుత్తులు పెడతారు. ముసలాయన ఇంకేం నేర్చుకుంటాడులే అనుకోవడం కాకపోతే ఏమిటిది? దీనికి గౌరవమని పేరొకటి! ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నేరుగా ఆయనకే ఫోన్ చేసింది.

"బాబాయ్, నేను రాసింది తీసెయ్యమంటారా?"

అవతల కాసేపు దగ్గు వినిపించింది. "నీ మాట నాకు నచ్చలేదమ్మా. పొద్దుట్నుంచీ ఇంట్లో అందరి మీదా విసుక్కుంటున్నా." మళ్ళీ దగ్గు. "తియ్యకు. ముందు ఆ అట్ట దేనికి ఆనించాలో చెప్పు."

చెప్పింది. ఫోన్ పెట్టేసి, తను కొత్తగా వేసిన బొమ్మ గ్రూపులో పెట్టింది. వానలో బస్సు కోసం నిలబడ్డ జనం. కింద రాసింది: "పువ్వులొద్దు. తప్పులు చెప్పండి. నన్ను తీసేసేవాళ్ళు కూడా ఒక తప్పు చెప్పి తీసెయ్యండి."

సాయంత్రానికి వదిన రాసింది.

"అడిగావు కనక చెప్తున్నా. నీ బొమ్మల్లో ఒక్కరికీ చేతులుండవు. జేబుల్లోనో, సంచి వెనకో, కోటు లోపలో దాచేస్తావు. నాలుగేళ్ళుగా చూస్తున్నా. నీకు చేతులు గీయడం రాదు."

మిరపకాయ ముఖం వేడెక్కింది. ఇంత తెలిసి కూడా ఈ మహాతల్లి నాలుగేళ్ళూ గుండెలు పెడుతూ కూర్చుందా! నాలుగు వాక్యాలు టకటకా కొట్టి, నాలుగూ చెరిపేసింది. అద్దాల పెట్టె మీద ఎడమచెయ్యి పరిచి, రసీదు వెనక గీయడం మొదలుపెట్టింది. బొటనవేలు పరమ దరిద్రంగా వచ్చింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టి, మరో రసీదు వెనక మళ్ళీ అదే చెయ్యి మొదలుపెట్టింది.