రబ్బరు తిత్తి

రొసెందా మొగుడు ఇసిద్రో. అతని నెత్తిన కత్తివేటు ఎముక దాకా దిగింది. వేసినవాడు ఆమె సొంత తమ్ముడు దెల్ఫిన్. ఏడుద్దామన్నా ఆమెకు తీరిక లేదు. మొగుడి గొంతులో గొట్టం దింపి, దానికి రబ్బరు తిత్తి తగిలించి, ఆపకుండా నొక్కమని ఆమె చేతిలో పెట్టారు. ఊపిరి మిషన్లు ఉన్నవన్నీ వేరేవాళ్లకు పెట్టేశారు. ఒకటి ఖాళీ అయ్యేదాకా ఇసిద్రో ప్రాణం ఆమె వేళ్లలోనే ఉంది.

ఆ పెద్దాసుపత్రిలో అంతే. డాక్టరు కుట్లు వేస్తాడు. నెత్తురు తెచ్చుకోవడం, ఒళ్లు తుడవడం, ఊపిరి కొట్టడం ఇంటివాళ్ల పని. లెయ్తే దీవిలో అది పసిపిల్లలకైనా తెలుసు. అయినా రొసెందాకి ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణమంటే సైకిల్ ట్యూబా, పంపు చేతికిచ్చి కొట్టుకోమనడానికి?

వెళ్లబోతూ డాక్టరు ఒక్క మాట చెప్పాడు. "చెయ్యి చూస్తూ ఉండమ్మా. గట్టిగా పట్టు బిగించాడంటే మెదడు బాగానే ఉన్నట్టు. వెంటనే కేకెయ్యి."

గొడవంతా ఆదివారం కోడిపందెంలో మొదలైంది. కత్తులు కట్టడంలో దెల్ఫిన్ వేళ్లకు ఊళ్లో పేరుంది. ఆ రోజు మాత్రం బావ పుంజుకి కట్టిన కత్తి ఊడింది, పుంజు చచ్చింది. కావాలనే వదులుగా కట్టావంటూ ఇసిద్రో కొబ్బరికాయల కత్తి తీసి బావమరిది తొడ చీల్చాడు. దెల్ఫిన్ అదే కత్తి లాక్కుని బావ నెత్తిన దించాడు. పుంజు నెత్తురేదో మనుషులదేదో తెలియకుండా బరి ఎర్రబడింది.

వార్డులో చోటు లేక ఇద్దరినీ పక్కపక్క మంచాల మీదే పడేశారు. దెల్ఫిన్ ఎడమ చేతిని మంచం ఊచకు కలిపి బేడీ వేసి, పోలీసు అన్నం తినడానికి పోయాడు. రొసెందా తిత్తి నొక్కుతూనే తమ్ముడి మొహం మీద ఉమ్మింది. కుట్లు వేసిన తొడ మీద కాలితో తన్నింది. కట్టులోంచి నెత్తురు ఉబికింది.

నెత్తురివ్వడానికి వెళ్లిన అత్తింటివాళ్లు ఎంతకీ రాలేదు. మధ్యాహ్నానికి ఆమె వేళ్లు కొయ్యబారి తిత్తి జారింది. ఇసిద్రో పెదాలు నీలమయ్యాయి.

"ఇలా ఇవ్వక్కా," అన్నాడు దెల్ఫిన్.

"చంపడం పూర్తి చేద్దామనా?"

"చంపేవాణ్ణయితే రెండో వేటు వేసేవాణ్ణి. ఇయ్యి, బావ పోతున్నాడు."

గతిలేక తిత్తి వాడి కుడిచేతిలో పెట్టింది. కట్లు కోసే కత్తెర అందుకుని వాడి మెడకు ఆనించింది. ఆపితే దించేస్తానంది. దించేదే.

దెల్ఫిన్ నొక్కాడు. పెదాలకు మెల్లగా రంగు తిరిగింది. కాసేపటికి ఇసిద్రో కళ్లు తెరిచి, మీద వంగిన మొహాన్ని గుర్తుపట్టాడు. అంతే, చెయ్యి లేచి బావమరిది పీక పట్టుకుంది.

గోళ్లు దిగి నెత్తురు కారింది. దెల్ఫిన్‌కి ఒక చెయ్యి బేడీలో ఉంది. రెండోదానితో విడిపించుకోవాలంటే తిత్తి వదలాలి. కళ్లు బయటికొస్తున్నా వాడు వదల్లేదు. పీక నులుముతున్న మనిషికే ఊపిరి పోస్తూ ఉన్నాడు.

రొసెందా కత్తెర పారేసి మొగుడి వేళ్లు పట్టి లాగింది. ఒక్కటీ ఊడిరాలేదు. అప్పుడు డాక్టరు మాట గుర్తొచ్చింది. ఏడుస్తూ నవ్వుతూ వార్డు అదిరేలా కేకేసింది.

"డాక్టరుగారూ, పట్టు వచ్చింది. తొందరగా రండి, మా తమ్ముణ్ణి చంపేస్తున్నాడు."