ఆర్విడ్ రాసిన రాజీనామా

వెర్నా రొట్టె ముక్కలు కాలుస్తుంటే భర్త ఆర్విడ్ వచ్చి ఆమె కాఫీ కప్పు పక్కన ఒక కాగితం పెట్టాడు.

"నీకెందుకు శ్రమ అని నేనే రాసేశాను. ఒక్క సంతకం పెట్టు, చాలు."

దేశాధ్యక్షుడికి రాజీనామా లేఖ అది. అమెరికాలోని డులూత్ ఫెడరల్ కోర్టులో ఇరవై రెండేళ్లుగా జడ్జిగా ఉన్న వెర్నా లిండ్‌క్విస్ట్ ఇక సెలవు తీసుకుంటుందట. మార్చిలో వెచ్చగా ఉండే అరిజోనాకి మకాం మార్చాలట. పళ్ల డాక్టరుగా ఆర్విడ్ రిటైరై ఏడాదయింది, ఒంటరిగా పొద్దు పోవడం లేదు. ఆమెకి చెప్పకముందే ఏదో విందులో పెద్ద జడ్జి చెవిన ఈ మాట వేసినట్టున్నాడు. వెళ్లిపోయే జడ్జీల బొమ్మలు గీసే చిత్రకారుడు, కొలతలకి ఎప్పుడు రమ్మంటారని మొన్ననే ఫోన్ చేశాడు.

కోర్టుకి మంచులో కారు నడుపుతున్నంతసేపూ ఆమెకి ఒళ్లు మండిపోతూనే ఉంది. ఈ పదవి వచ్చిన రోజున అత్తగారు, "జడ్జివైతే ఏం తల్లీ, మావాడి చొక్కాకి గుండీ లేదు చూశావా?" అంది. ఆ పూటే సూదీ దారం తీసి గుండీ కుట్టింది వెర్నా. విందుల్లో ఆర్విడ్, "కోర్టులో తీర్పులు ఆవిడవి, ఇంట్లో నావి" అంటే అందరితోపాటు తనూ నవ్వింది. నవ్వినందుకే ఇప్పుడు ఎక్కువ కోపం. జీవితాంతపు కొలువు ఇది. ఈ కుర్చీలోంచి ఆమెని లేపే అధికారం అధ్యక్షుడికే లేదు, పళ్ల డాక్టరుకెక్కడిది?

ఆ పొద్దున మొదటి కేసు కాలీ బ్రెక్‌ది. దొంగ పత్రాలతో బ్యాంకు అప్పు తీసుకున్న నేరం ఒప్పుకోవడానికి వచ్చింది. నేరం ఒప్పుకునే ప్రతివాళ్లనీ అడిగే ప్రశ్నే వెర్నా అడిగింది.

"నిన్నెవరైనా బెదిరించి ఒప్పిస్తున్నారా అమ్మా?"

కాలీ వెనక్కి తిరిగి, రెండో వరసలో కూర్చున్న మొగుడి వంక చూసింది.

"లేదు మేడం. అందరికీ ఇదే మంచిదని ఆయన అన్నాడు."

"ఆ పత్రాలు రాసిందెవరు?"

"ఆయనే. నాకెందుకు శ్రమ అని... నేను సంతకం పెట్టానంతే."

వెర్నా కలం కింద పెట్టింది. "ఈ ఒప్పుకోలు నేను తీసుకోను. లాయరుగారూ, ఈమెతో ఒంటరిగా మాట్లాడండి. మీ ఆయన పక్కన ఉండకూడదమ్మా." మొగుడు లేచి ఏదో అనబోయాడు. "మిమ్మల్ని అడగలేదు, కూర్చోండి" అంది. కూర్చున్నాడు.

అవసరమైతే విచారణకి తేదీ ఉండాలని గుమస్తా అంటే మార్చి పన్నెండు వేయించింది.

మధ్యాహ్నం ఆర్విడ్ ఫోన్ చేశాడు. "సంతకం అయిందా?"

"మార్చిలో నాకు విచారణ ఉంది ఆర్విడ్."

"ఇంకెవరైనా చూసుకుంటారులే. మరి నేనేం చెయ్యను?"

"అరిజోనాకి వెళ్లు. సెలవుల్లో నేనొస్తాను" అంది వెర్నా.