అప్పలకొండ కొట్టిన బానెట్

నేను ఒక కారుని. పేరు బైసన్. పుట్టింది పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో, అమెరికాలో. ఈ వివరాలన్నీ ముందే ఎందుకు చెప్పుకోవాల్సి వస్తోందంటే, పోయినేడాది విశాఖ బీచ్ రోడ్డులో పాత కార్ల ప్రదర్శన పెట్టారు. ఒకాయన నా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పక్కనే నిలబెట్టిన కొత్త బైసన్‌ను చూశాడు. మళ్లీ నన్ను చూసి, "ఆ కొత్తదాన్ని చూసి దీన్ని ఇక్కడే చేయించుకున్నట్టున్నారు. బాగానే దింపారు" అన్నాడు.

యాభై ఏళ్లు దాటినదాన్ని పట్టుకుని, నిన్నగాక మొన్న పుట్టినదానికి నకలు అంటే ఒళ్లు మండదా? నాకు మండింది. ఇంజన్ ఆపేసి ఉంది కాబట్టి ఊరుకున్నాను.

ఓడల మరమ్మతు పని మీద వచ్చిన ఒక దొర నన్ను విశాఖపట్నం తెచ్చాడు. ఎనిమిది సిలిండర్లు, ఎడమ చేతి స్టీరింగ్, ముక్కు మీద రెండు తెల్ల చారలు. నేను గొంతు విప్పితే డాబాగార్డెన్స్‌లో కాకులు లేచిపోయేవి. పని అయిపోగానే ఆ దొర నన్ను రేవు పక్క షెడ్డులో వదిలేసి, తాళంచెవి కూడా ఇవ్వకుండా వెళ్లిపోయాడు. ఇరవై మూడేళ్లు ఉప్పుగాలి నన్ను తింటూ కూర్చుంది. బానెట్ జల్లెడైపోయింది.

పాత ఇనుము వేలంలో నన్ను కొన్నది దాడి సీతారత్నం. గాజువాకలో డ్రైవింగ్ స్కూలు నడిపే మనిషి. చీర కొంగు నడుముకి దోపి, పక్క సీట్లోంచి లారీ డ్రైవర్లను కూడా గదమాయించేది. నన్ను చూసి, "ఏటే, ఇంత అందగత్తెవి ఈ చెత్తలో ఏం చేస్తున్నావు?" అంది. మనుషులు నాతో మాట్లాడటం అదే మొదలు.

ఆమె నన్ను అప్పలకొండకు అప్పగించింది. ఆటోనగర్లో టింకరింగ్ మేస్త్రి. సొట్టలు తీయడం, రేకు వంచడం ఆయన పని. నా బానెట్ ఈ దేశంలో ఎక్కడా దొరకదని తేలాక, ఒక పాత పత్రికలోని నా బొమ్మను గోడకి అంటించి, చింతమొద్దు మీద రేకు పెట్టి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. మూడేళ్లు, ప్రతి ఆదివారం. మొదటి మూడు రేకులూ పాడయ్యాయి. నాలుగోది తెచ్చి నా మీద పెట్టినప్పుడు, నాలుగు వైపులా గోరు దూరే సందు కూడా లేదు. ఆయన బీడీ వెలిగించి, "ఒప్పింది అమ్మగోరూ" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లు సీతారత్నం నన్ను తిప్పింది. భీమిలి రోడ్డులో, సింహాచలం ఎక్కుడులో. నా ధర ఎంతో ఎవరూ అడగలేదు. నాకూ తెలియదు. ఆ రోజులే బాగున్నాయి.

ఇంతలో నన్ను చేసిన కంపెనీకి నేను గుర్తొచ్చాను. నలభై ఏళ్ల కింద ఆపేసిన బైసన్‌ను మళ్లీ చేస్తున్నామని చాటింపు వేసింది. అదే ముక్కు, అవే తెల్ల చారలు, లోపల మాత్రం ఏసీ, టీవీ అంత తెర. చాటింపు వినగానే జనానికి నా మీద ప్రేమ పొంగుకొచ్చింది. హైదరాబాదు నుంచి పృథ్వీధర్ అనే కార్ల సేకర్త దిగి, సీతారత్నం పేరైనా అడక్కుండానే నా రేటు చెప్పాడు. ఆమె నవ్వి పంపేసింది.

కొత్త బైసన్ షోరూముల్లోకి వచ్చిన ఆరు నెలలకి అంతా తలకిందులైంది. చారలు కావలసినవాళ్లు కొత్తదాన్నే కొనుక్కున్నారు, దానికి వారంటీ ఉంది కదా. నాలాంటివాటి రేటు పడిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి రేకూ అలాగే ఉన్నవి మాత్రం ఆకాశంలో కూర్చున్నాయి. ఆ బీచ్ రోడ్డు ప్రదర్శనలో నా అద్దానికి ఒక చీటీ అంటించారు: "బానెట్ నాటుపని. అసలుది కాదు."

సీతారత్నానికి అప్పటికి అరవై ఏడు. మోకాలు వాచి, నా క్లచ్ తొక్కలేకపోతోంది. నన్ను నడిపేవాళ్ల చేతిలో పెట్టాలని ఆమె మనసులో ఉంది. అది పసిగట్టి పృథ్వీధర్ మళ్లీ వచ్చాడు.

"మేడం, కంపెనీ పాత అచ్చులు బయటికి తీసి, పాత మోడల్ బానెట్లు కూడా చేస్తోంది. ఒకటి తెప్పిస్తాను. ఈ లోకల్ రేకు తీసి పడేయండి. రెండింతలు రేటు ఇచ్చి కొనుక్కుంటాను."

పోయిన నెల అచ్చులోంచి ఊడిపడిన రేకు అసలుదట! ఇరవై ఏళ్లు నా మీద ఎండకి కాగి వానకి తడిసినది నకిలీ అట! వీళ్ల లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సీతారత్నం రెండు రోజులు ఆలోచించి, తల వంచుకునే సరేనంది. విప్పడానికి అప్పలకొండనే పిలిచారు. ఆయన పానాలు పట్టుకుని నిదానంగా వచ్చాడు.

"కోపం లేదు కదా కొండా?" అంది ఆమె.

"నాకేటి కోపం అమ్మగోరూ. కంపినీది కంపినీదే. నాది సేత్తో సేసింది."

బోల్టులు విప్పి, తన బానెట్‌ను నేల మీద గోనెపట్టా పరిచి పడుకోబెట్టాడు. పృథ్వీధర్ తన మనిషితో మోయించుకొచ్చిన పెట్టెలోంచి కొత్తది తీసి నా మీద పెట్టారు. కూర్చోలేదు. ఎడమవైపు వేలెడు సందు. జరిపారు, నొక్కారు, మళ్లీ ఎత్తి పెట్టారు. షెడ్డులో పడున్న ఏళ్లలోనే నా ఒళ్లు కాస్త వంగింది. అప్పలకొండ ఆ వంపు చూసి కొట్టాడు. అచ్చుకి నా వంపు ఏం తెలుసు?

పృథ్వీధర్ మనిషి టేపు పెట్టి కొలిచి, "ఏం ఫర్వాలేదు సార్. బాడీని ఈ పక్క కొంచెం కోసేస్తే సరిపోతుంది" అన్నాడు.

"ఏటన్నావు?" అంది సీతారత్నం.

"బానెట్ ఒరిజినల్ కదా మేడం, దాన్ని కోయకూడదు. కారునే..."

"ఇదిగో, రేకు కోసం కారుని కోస్తారా? మరి నా మోకాలు కూడా కోసి మీ క్లచ్‌కి సరిపెట్టండి! తియ్యండి దాన్ని. తీసి, మీ పెట్టెలో పెట్టుకుని, బయల్దేరండి."

"మేడం, రేటు..."

"రేటూ లేదు, నీ తలకాయా లేదు!"

వాళ్లు వెళ్లాక అప్పలకొండ తన బానెట్‌ను మళ్లీ ఎక్కించాడు. టక్కున కూర్చుంది. సీతారత్నం వెళ్లి ఉలీ సుత్తీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పేరు చెక్కు."

"అమ్మగోరూ! పేరు చెక్కితే ఇంక ఎవుడూ కొనడు."

"కొనకపోతే మానె. లోపల కాదు. పైన, అందరికీ కనబడేలా."

ఆయన ఉలి మొన ఆనించి ఒక్కో అక్షరం చెక్కాడు. తెల్ల చారల మధ్య, "పనిచేసినవాడు అప్పలకొండ, గాజువాక." ఆ ఒక్క వరుసతో సేకర్తల పుస్తకాల్లో నా విలువ పాత ఇనుము దాకా పడిపోయిందని తర్వాత విన్నాను. నాకు మాత్రం ఒళ్లంతా కొత్త రంగు వేసినట్టుంది.

సీతారత్నం తలుపు తీసి, ఎడమ సీట్లో కూర్చుంది. క్లచ్ తొక్కుతూ పళ్లు బిగించింది.

"రా, ఎక్కు. ఇంటి దగ్గర దింపుతాను."

"నా బట్టలకి గ్రీజు అమ్మగోరూ. నడిసిపోతాను."

"ఎక్కమన్నానా?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి సీటు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. మూడేళ్లు నా కోసం రేకు కొట్టిన మనిషి నా లోపల కూర్చోవడం అదే మొదటిసారి.