గ్లాసు చేతికొచ్చాక

ప్రతి ఏడాదీ వానలు వెనకబట్టాక నేను మూడు రోజులు షాపుకి తాళం వేసి ఒక ఊరు వెళ్తాను. ఆ ఊళ్ళో చూడటానికి ఏమీ లేదు. బస్సులో ఉన్నవాళ్ళంతా ఇంకో నలభై కిలోమీటర్లు ముందుకు పోయి జలపాతం చూసి, దాని ముందు ఫొటోలు దిగి, తడిబట్టలతో తిరిగొస్తారు. నీళ్ళు పైనుంచి కింద పడుతుంటే గుంపుగా నిలబడి ఆశ్చర్యపోవడం ఏమిటో నాకు అర్థం కాదు. పైకి పోతుంటే అప్పుడు పిలవండి, వస్తాను. నేను మలుపు దగ్గరే దిగిపోతాను.

ఈ ఏడాది మా ఆవిడ తనూ వస్తానంది.

"అక్కడ చూడటానికి ఏమీ లేదే" అన్నాను.

"ఎనిమిదేళ్ళ నుంచి ఆ ఏమీ లేనిదాన్నే చూసొస్తున్నారుగా. నేనూ చూస్తాను."

మా ఆవిడ పోస్టాఫీసు కౌంటర్లో పనిచేస్తుంది. ఇరవై రెండేళ్ళ బట్టి జనం చెప్పే సాకులు అద్దం ఇవతల కూచుని వింటున్న మనిషి. ఆవిడతో వాదిస్తే గోడకి తల కొట్టుకున్నట్టే, గోడకి ఏం కాదు. సరే అన్నాను. అన్నానే గానీ, అప్పట్నుంచీ తిన్నది ఒంటబట్టలేదు.

ఎందుకంటే ఆ ఊళ్ళో మాకొక కూతురుంది.

కంగారు పడకండి, మీరనుకునేది కాదు. ఆ పిల్ల మా ఇంట్లో లేదు, ఇంకెవరింట్లోనూ లేదు. ఆ ఊరి నది ఒడ్డున పడవలు బాగుచేసే షెడ్డులో, ఏడుగురి నోళ్ళలో మాత్రం ఉంది. దాన్ని అక్కడ పుట్టించింది నేనే.

మొదటిసారి నేనూ అందరిలాగే జలపాతానికే బయల్దేరాను. మలుపు దగ్గర బస్సాగితే సీసాలో నీళ్ళు పట్టుకుందామని దిగాను. నేను కుళాయి దగ్గరుండగానే బస్సు పోయింది. మళ్ళీ బస్సు సాయంత్రానికి. నది వైపు నుంచి టకటకమని చప్పుడు వస్తుంటే అటు నడిచాను. రేకుల షెడ్డు కింద ఒక పక్కకి ఒరిగించిన పెద్ద చెక్క పడవ, దాని డొక్కకి అతుక్కుని మనుషులు. పలకల సందుల్లో నూలు పేట్లు పెట్టి, ఉలి ఆనించి, కొయ్యసుత్తితో కొట్టి కూరుతున్నారు. పక్కన డబ్బాలో నూనెతో కలిపి గుగ్గిలం కాగుతోంది. కూరిన నూలు మీద అది పూస్తే ఇక చుక్క నీరు లోపలికి రాదట.

ఏళ్ళ తరబడి ఆ మోతలో ఉండి వాళ్ళందరికీ వినికిడి తగ్గింది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అక్కడ ఎవరికీ ఏదీ వినబడదు. అందుకని టీ వేళకి ఒక పద్ధతి పెట్టుకున్నారు. గ్లాసు ఒక్కటే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకుని వినాలి. టీ అయిపోతే మాట అయిపోయినట్టు. పెద్దమేస్త్రి గ్లాసుని బకెట్లో కడిగి, నింపి, పక్కవాళ్ళకి ఇస్తాడు. కొత్త మనిషి వస్తే మొదటి గ్లాసు వాళ్ళదే. ఒక ప్రశ్న వేసి మరీ చేతికిస్తారు.

పాలు లేని టీ, అల్లం ఘాటు, నిప్పులాంటి వేడి. నేను కళ్ళజోళ్ళు చేస్తానని చెప్పాను. మా ఊరి సంగతి చెప్పాను. బస్సు తప్పిన సంగతి చెప్పాను. గ్లాసు సగం కూడా కాలేదు. నూలు పేనే ఒకావిడ ఉంది, అందరూ దారాలక్క అంటారు. మాట్లాడకూడదు గనక నేలకి మూరెడు ఎత్తున అరచేయి ఆడించి సైగ చేసింది. పిల్లలెంతమంది అని.

"ఒక్కతే" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. లేరంటే ఏమవుతుందో మాత్రం తెలుసు. "అయ్యో" అంటారు. ఏ డాక్టరుకి చూపించారంటారు. ఆ "అయ్యో" మా ఊళ్ళో విని విని విసిగిపోయాను. ఇక్కడ నన్నెరిగినవాడు లేడు, సాయంత్రం బస్సెక్కి పోయేవాణ్ణి. ఒక్కతే, ఆరేళ్ళు, అన్నాను. మిగతా సగం గ్లాసూ దాని గురించే చెప్పాను. టీ అయిపోయిన సంగతి కూడా చూసుకోలేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నాకు తీసుకోవాలనే లేదు. మరుసటి ఏడాది పెద్దమేస్త్రికి చూపు మందగించిందన్న సాకుతో ఆయనకి అద్దాలు చేసి పట్టుకెళ్ళాను. కూచోగానే "అమ్మాయి ఎలా ఉంది సారూ?" అన్నారు. పిల్లకి ఏడేళ్ళొచ్చాయి, ఎనిమిదొచ్చాయి. పాలపళ్ళు ఊడాయి. కుక్కలంటే భయం పట్టుకుంది. కళ్ళజోడు పెట్టాల్సొస్తే నేనే చేశాను. ఒక ఏడు లెక్కల్లో తప్పింది. పిల్లని కూచోబెట్టి చెప్పుకోలేవా అని ఆ ఏడాది అందరూ వరసపెట్టి నన్ను తిట్టారు. నోరు ఆగదు గనక రంపం అని పేరు పడిన వడ్రంగి ఒకడున్నాడు, వాడు దానికోసం జానెడు పడవ చెక్కి ఇచ్చాడు. దాన్ని షాపులో అద్దాల పెట్టెల వెనక దాచాను.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని సామెత. సామెతలోవాడే నయం, వాడికి ఆలు లేదు. నాకుంది. ఇప్పుడు బస్సులో నా పక్కన కిటికీ సీట్లో కూచుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

చూలు కూడా ఒకసారి ఉంది. పెళ్ళయిన మూడో ఏట. ఆరో నెలలో పోయింది. నేను షాపు మూసి ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఆడపిల్ల అని నర్సు చెప్పింది, అడక్కుండానే. ఇంటికొచ్చిన వారానికి మా ఆవిడ మళ్ళీ కౌంటర్లో కూచుంది. ఆ మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. గట్టి మనిషి, మర్చిపోయింది అనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉండేది.

ఇప్పుడు ఆ షెడ్డులో వాళ్ళు "అమ్మాయి ఎలా ఉంది" అంటారు. మా ఆవిడ "ఏ అమ్మాయి?" అంటుంది. ఆవిడ మనసు విరిగిపోతుందని ఒక భయం. వాళ్ళ ముందు అబద్ధాలకోరునవుతానని ఇంకో భయం. అన్నిటికన్నా పెద్ద భయం చెప్పుకోవడానికే సిగ్గు. ఆ రెండు మాటలతో నా పిల్ల పోతుంది.

బస్సులో మూడుసార్లు నోరు తెరిచాను. మొదటిసారి ఒలిచిన పప్పులు నా దోసిట్లో పోసింది. రెండోసారి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. మూడోసారి కండక్టరు "మలుపు, మలుపు" అని అరిచాడు. నేను ఉలిక్కిపడ్డాను.

"ఎందుకండీ అంత అదురు? ఇక్కడ ఎవరినైనా దాచారా?" అంది నవ్వుతూ. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను చొక్కా సర్దుకున్నాను.

షెడ్డుకి చేరేసరికి మూడు గంటలయింది. సుత్తులు ఆగాయి. రంపం నన్ను చూసి ఏదో అనబోతే పెద్దమేస్త్రి వేలు చూపించి ఆపాడు, ముందు టీ అని. అందరం పలకల మీద కూచున్నాం. దారాలక్క మా ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తన పక్కన కూచోబెట్టుకుంది.

"మేస్త్రీ, గొంతెండిపోతోంది. మొదటి గ్లాసు నాకివ్వండి" అన్నాను.

"కొత్త మనిషుండగా మీకా? మీకు తెలీనిదేముంది సారూ" అని ఆయన గ్లాసు నింపి మా ఆవిడ వైపు చాపాడు.

"ఏమ్మా, అమ్మాయిని తీసుకురాలేదే?" అంది దారాలక్క. "ఏటేటా సారు కబుర్లు చెప్పడమే గానీ మేం కళ్ళారా చూసింది లేదు. ఎలా ఉంది బంగారు తల్లి? ఇప్పుడెన్నేళ్ళొచ్చాయి?"

గ్లాసు మా ఆవిడ చేతికొచ్చింది. నేను "అదికాదు" అని లేవబోయాను. నలుగురు పెదాల మీద వేళ్ళు పెట్టుకుని నా వైపు గుడ్లురిమారు. నోరు మూసుకుని కూచున్నాను.

మా ఆవిడ దారాలక్కని చూసింది. నన్ను చూసింది. నేను తల దించుకున్నాను. కాళ్ళ కింద చిత్రిక పట్టిన చెక్కపొట్టు తప్ప ఏమీ కనబడలేదు. ఆవిడ టీ మీద ఊదుతున్న చప్పుడు వినిపించింది. ఒక గుక్క తాగింది.

"పదిహేడు నిండాయి" అంది.

"పదిహేడా! సారు పోయినేడు పదమూడని..." అని రంపం లేచాడు. పెద్దమేస్త్రి భుజం మీద తువ్వాలు తీసి వాడి నెత్తిన ఒకటి వేశాడు.

"ఆయనకేం తెలుసు బాబూ?" అంది మా ఆవిడ. "మగాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని తిప్పడమే గానీ ఏళ్ళు లెక్కపెడతారా?"

నవ్వు చప్పుడు కాకూడదు గనక అందరి భుజాలూ ఊగాయి. దారాలక్క నిజం నిజం అన్నట్టు తలూపింది.

"మంచి వానల్లో పుట్టింది. జులై పదకొండు" అంది ఆవిడ.

ఆ తారీకు ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో తట్టడానికి కాసేపు పట్టింది. అప్పట్లో కాన్పు రోజని డాక్టరు చీటీ మీద రాసిన తారీకు అది. ఆ రోజు రావడానికి మూడు నెలల ముందే మాకు ఆ చీటీతో పని లేకుండా పోయింది.

"జుట్టు ఒత్తు, మా అమ్మ పోలిక. చిక్కు తియ్యనివ్వదు. ఎడంచేత్తో రాస్తుంది. మాటలు తక్కువ. సాయంత్రం నేను పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి గుమ్మంలో కూచుని ఉంటుంది. తాళంచెవి చేతిలోనే ఉంటుంది, అయినా లోపలికి పోదు. ఎందుకే ఇక్కడ కూచున్నావంటే, నువ్వు రావాలిగా అంటుంది."

నా పరువు కాపాడుతోందనుకున్నాను మొదట. కాదు. అప్పటికప్పుడు అల్లే మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎనిమిదేళ్ళు అల్లినవాణ్ణి. మధ్యలో ఎక్కడో తడుముకుంటాం. ఆవిడ ఎక్కడా తడుముకోలేదు. పక్కింటావిడతో రోజూ చెప్పుకునే సంగతుల్లా చెప్పింది. రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు నిలబడి ఆవిడ సంచిలో తాళంచెవి వెతుక్కోవడం నేను ఎన్నిసార్లు చూడలేదు? వెతకడానికి ఎందుకంతసేపు పడుతుందని విసుక్కున్నాను కూడా.

గ్లాసు అయిపోయింది. పెద్దమేస్త్రి కడిగి, నింపి, నాకిచ్చాడు. "చెప్పండి సారూ, పద్నాలుగా, పదిహేడా?"

"వాళ్ళమ్మ చెప్పిందే" అన్నాను. "నేనే తప్పు చెప్పాను."

గ్లాసు నా చేతిలో నిండుగానే ఉంది. వాళ్ళ పద్ధతి ప్రకారం ఇంకెవరూ మాట్లాడటానికి లేదు. అలాగే కూచున్నాం అందరం. చివరికి దారాలక్క వచ్చి, చల్లారిపోయిన టీ నా చేతిలోంచి తీసుకుని తనే తాగేసింది.

లాడ్జికి నది పక్క రోడ్డే. మా ఆవిడ రెండడుగులు ముందు నడుస్తోంది. ఇంకా పొద్దు వాలలేదు.

"మీ పిల్లకి పద్నాలుగా?" అంది వెనక్కి తిరక్కుండానే.

"ఊఁ. మొదట ఆరని చెప్పాను. నోటికేదొస్తే అది."

"అయితే అది వేరు. మనది కాదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "పదిహేడేళ్ళలో ఒక్కసారైనా నాతో అనలేదేం?" అన్నాను. కోపం నా మీదే, గొంతు మాత్రం ఆవిడ మీదికి లేచింది.

"మీరు మర్చిపోయారనుకున్నా. గుర్తు చేసి బాధపెట్టడం ఎందుకని."

పోట్లాడదామన్నా ఏం మిగల్లేదు. రోడ్డు పక్కన రాతిచప్టా ఉంటే కూచున్నాను. ఆవిడా వచ్చి కూచుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆవిడ నా వైపు చూడలేదు గానీ కొంగు చివర నా చేతికిచ్చింది.

"ఎలా ఉంటుంది?" అంది తర్వాత.

చెప్పాను. కళ్ళజోడు, కుక్కల భయం, రోడ్డు మీద నా వేలు పట్టుకుని నడవడం, వాగుడు, ముద్దముద్దకీ నీళ్ళు తాగడం. లెక్కల్లో తప్పిందంటే నవ్వింది.

"నా దానికి లెక్కలంటే ప్రాణం" అంది. ఆ "నా దానికి" అన్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. అలాంటి ముఖం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

మళ్ళీ ఆవిడే అడిగింది. "నన్నేమని పిలుస్తుంది?"

ఎనిమిదేళ్ళలో ఆ పిల్లకి పళ్ళు ఇచ్చాను, బడి ఇచ్చాను, కళ్ళజోడు ఇచ్చాను. అమ్మని ఇవ్వలేదు. నేను చెప్పిన కబుర్లలో ఒక్క గ్లాసులో కూడా వాళ్ళమ్మ రాలేదు.

"అమ్మా అని" అన్నాను.

"అలా కాదు. అది పిలిచినట్టు పిలవండి."

నాకు యాభై దగ్గర పడుతోంది. మీసం నెరిసింది. అటుగా సైకిలు మీద ఒకాయన వస్తున్నాడు. అయినా గొంతు సవరించుకుని పిలిచాను.

"అమ్మా!"

సైకిలాయన తిరిగి చూశాడు.

"ఆఁ" అంది మా ఆవిడ. పక్కగదిలో పనిలో ఉన్న మనిషి పలికినట్టు, చప్పున పలికింది. "వస్తున్నానమ్మా."